పదకొండు ఇరవైకి ఫార్మలిన్‌లో రెండు ముక్కలు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏది?" అని అడుగుతుంటారు. గొప్ప పని సంగతి ఏమో గానీ, నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. అది చెబుతాను, వినండి. తన తప్పు తానే చెప్పుకునే పెద్దమనిషి మీకు తొందరగా దొరకడు. మా తరం వాళ్లందరం రిటైరయ్యే రోజుకల్లా ఏ తప్పూ ఎరగని వాళ్లమైపోతాం. శాలువా కప్పేటప్పుడు పొగడ్తలు విన్నారు కదా, మీకే తెలుసు.

నేను కరీంనగర్‌లో ఒక పెద్దాసుపత్రిలో ముక్కల గది టెక్నీషియన్‌గా పనిచేశాను. పేరు చూసి భయపడకండి. ఆపరేషన్‌లో కోసిన గడ్డనో, అందులోంచి తీసిన చిన్న ముక్కనో మా గదికి పంపిస్తారు. కుళ్లిపోకుండా మేం దాన్ని ఫార్మలిన్ అనే ఘాటు నీళ్లలో వేస్తాం. మరునాడు తీసి, తడంతా లాగేసి, కరిగిన మైనం పోసి దిమ్మ చేస్తాం. ఆ దిమ్మను వెంట్రుకకన్నా పలచగా కోసి, గాజుపలక మీద పరిచి రంగు వేస్తే, డాక్టరు మైక్రోస్కోపులో చూసి అది కేన్సరో కాదో తేలుస్తారు. రోగి మమ్మల్ని చూడడు, మేం రోగిని చూడం. నాకు చాలా ఏళ్లు అది హాయిగానే ఉండేది.

ఈ పని నాకు నేర్పింది ఆదిలాబాద్‌లో, మొదటి పోస్టింగులో, ఒక ముసలి టెక్నీషియన్. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడేవాడు. ఒకసారి దసరా సెలవులకు ముందు ఒక ముక్కను ఫార్మలిన్‌లో వేసి, దాని సంగతే మరిచిపోయి, మా చెన్నూరు బస్సెక్కేశాను. బతుకమ్మలూ జమ్మీ అన్నీ అయిపోయాక తిరిగొచ్చి చూస్తే అది గట్టిపడి కూర్చుంది. కత్తి దిగదు, రంగు పట్టదు. ఆయన తిడతాడని ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. తిట్టలేదు. ఒక పొడుగాటి రిజిస్టరు తెచ్చి నా ముందర పడేశాడు.

"రాయి బాబా. ఎప్పుడు యేసినవో గంట రాయి, ఎప్పుడు తీసినవో గంట రాయి. బరోబర్ రాయాలె. గది ముక్క, దానికి నోరుంటదా? దాని ముచ్చట నువ్వే చెప్పాలె."

ఆ రోజు నుంచి రిటైరయ్యే వరకు రాశాను. ముక్క వేసిన సమయం, తీసిన సమయం, ఎన్ని ముక్కలు. తరవాత నా సొంత తెలివితో ఇంకో గడి కూడా గీశాను: దిమ్మను మళ్లీ ఎప్పుడైనా అరలోంచి బయటికి తీస్తే, ఎవరి కోసం తీశాం, ఎందుకు తీశాం అని. ఏ పై అధికారీ అడగలేదు. కరీంనగర్‌లో నా తోటివాళ్లు నాకు "గడియారం సారు" అని పేరు పెట్టారు. చాయ్ తాగడానికి లేచినా "సార్, టైము రాసుకోండ్రి" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి గానీ లోపల కొంచెం మండేది.

నా ఉద్యోగం ఇంకా కొన్నేళ్లు ఉందనగా, హైదరాబాద్ నుంచి ఒక పరిశోధకురాలు ఐసు పెట్టె భుజాన వేసుకుని దిగింది. మా అమ్మాయి వయసుంటుంది. పిల్లల్లో నరాల కణాల నుంచి పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే కేన్సరు మీద ఆమె పని. ఈ గడ్డ సాధారణంగా కడుపులో, మూత్రపిండం పైన మొదలవుతుంది. చిత్రమేమిటంటే కొందరు పసిపిల్లల్లో ఇది మందు లేకుండానే కరిగిపోతుంది, కొందరిలో ఎన్ని మందులు పోసినా ఆగదు. ఏ పిల్లలో ఎటు తిరుగుతుందో ముందే చెప్పగల గుర్తుల కోసం ఆమె వెతుకుతోంది.

"కణంలో ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది కదా సార్, దాన్ని చూసి ప్రోటీన్ తయారవుతుందని చదువుకున్నాం. కానీ ఏ ప్రోటీనూ తయారు చేయని ఆర్‌ఎన్‌ఏలు బోలెడున్నాయి. నాన్‌కోడింగ్ అంటాం. ఒకప్పుడు చెత్త అనుకున్నారు. ఇప్పుడు చూస్తే, ఏ జన్యువు పనిచేయాలి, ఏది నోరు మూసుకోవాలి అని చెప్పేవాటిలో ఇవీ ఉన్నాయి. ఈ కేన్సరులో, పెరుగుదలను ఆపాల్సినవి కొన్ని మూగబోతున్నాయి," అంది.

తరవాత నాకు నియమాలు చెప్పింది. రోగ నిర్ధారణకు వెళ్లే ముక్క ఎప్పటిలాగే ఫార్మలిన్‌లో వేయండి. నా కోసం తీసే రెండో ముక్క మాత్రం ఫార్మలిన్ మొహం చూడకూడదు, నేనిచ్చిన చిన్న సీసాలో వేసి ఐసులో పెట్టండి, ఉత్త చేతులతో తాకకండి అంది.

"మా చేతులు సాఫ్ లేవంటవా బిడ్డా?" అన్నాను. నా గొంతులో పెడసరం నాకే వినబడింది.

"మీవే కాదు సార్, నావీ అంతే. మనిషి చర్మం మీద ఉండేదే ఆర్‌ఎన్‌ఏను తినేస్తుంది."

ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి చేతులు ఎలా పెట్టుకోవాలో చెబుతోందే అని చిన్నబుచ్చుకున్నాను. నేనంతా విన్నాననే అనుకున్నాను. విన్నది నా చెవి, నా చెయ్యి వినలేదు. అది తరవాత తెలిసింది.

కొన్ని నెలలకు సిరిసిల్ల నుంచి ఒక పాప వచ్చింది. నాలుగేళ్లుంటాయి. కడుపులో గడ్డ, కాళ్ల నొప్పులని నడవదు, కళ్ల చుట్టూ నల్లగా కమిలినట్టు ఉంది. దిష్టి తగిలిందని మెడలో నల్లదారం కట్టారు, వేములవాడ రాజన్నకు కోడెను కడతామని మొక్కారు, చివరికి పిల్లల డాక్టరు దగ్గరికి తెస్తే ఆయన మా దగ్గరికి పంపాడు. తండ్రి మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఆ మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. పాప చేతిలో ఖాళీ దారపు కండె ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని మంచం అంచు మీద దొర్లిస్తూ కూర్చునేది.

పరిశోధనకు ముక్క ఇవ్వాలంటే తండ్రి ఒప్పుకుని సంతకం పెట్టాలి. మా పాథాలజీ డాక్టరమ్మ గదిలో కూర్చోబెట్టి, పరిశోధకురాలు అతనికి అంతా చెప్పింది. అతనికి అర్థమవుతుందో లేదోనని మధ్యలో నన్ను నిలబెట్టారు.

"గీ పరీచ్చతోని మా బిడ్డకు నయమైతదా మేడం?" అన్నాడు.

"అబద్ధం చెప్పను. మీ పాప వైద్యానికి ఇప్పుడు దీని అవసరం లేదు. వైద్యం వేరే పరీక్షలు చూసి చేస్తారు. ఇది తరవాత వచ్చే పిల్లలకు పనికి రావచ్చు."

అతను కాగితాన్ని కొంచెం అవతలికి జరిపాడు. నేను వద్దంటాడనుకున్నాను.

"మేం పనిచేసే షెడ్డుల ఒకాయనున్నడు. ఆయన కొడుక్కు గూడ గిట్లనే, కండ్ల కింద నల్లగ. మీ దగ్గర్నే ఆపరేషన్ చేసిండ్రు. ఆఖరుకు పోరడు దక్కలే. పోయినంక గూడ ఎందుకు పోయిండో మాకు సమజ్ కాలే. వాని ముచ్చట ఎవ్వలన్న రాసుకున్నరో లేదో తెల్వది. మా బిడ్డ ముచ్చట మాత్రం రాసుకోండ్రి మేడం."

పెన్ను అందుకుని, మళ్లీ ఆగి అడిగాడు. "ఒక్క మాట. మా సాంచకు జాకార్డు ఉంటది. అట్టలకు బొక్కలు కొట్టి పైన ఏలాడదీస్తం. అట్ట బట్టల రాదు. గని ఏ పోగు లేవాలె, ఏ పోగు పండాలె అని అట్టనే చెప్తది. మీరు చెప్తున్నది గంతేనా?"

పరిశోధకురాలు కుర్చీలోంచి ముందుకు వంగింది. "అంతే. నేను ఇన్నాళ్లూ మా క్లాసులో ఇంత బాగా చెప్పలేదు," అంది. అతను సిగ్గుపడుతూ సంతకం పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ ముక్క మందులు మొదలుపెట్టక ముందే తీయాలి. మందు పడితే గడ్డ స్వభావం మారిపోతుంది. పాపను మరుసటి వారమే హైదరాబాద్ పంపిస్తున్నారు. పరిశోధన కోసమని పసిపిల్లను రెండోసారి ఎవరూ పొడవరు, పొడవకూడదు కూడా. ఉన్నది ఒక్క అవకాశం.

ఆ రోజు ఉదయం నేను అందరికన్నా ముందు వచ్చాను. ఐసు పెట్టె సర్దాను. చిన్న సీసా మీద నంబరు వేశాను. గ్లవుజులు తొడుక్కుని పెళ్లికొడుకులా కూర్చున్నాను. థియేటరు నుంచి రెండు ముక్కలు, తడి గుడ్డ మీద, ఒక పళ్లెంలో వచ్చాయి. పట్టకారుతో తీశాను, వేశాను, మూత బిగించాను. రిజిస్టరు తెరిచి రాశాను: పదకొండు ఇరవై, ఫార్మలిన్, రెండు ముక్కలు.

రాసి, చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే ఐసులో చిన్న సీసా ఉన్నది ఉన్నట్టే ఉంది, మూత తీయలేదు.

ఏం జరిగిందో అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. నా చెయ్యి నన్ను అడగలేదు. ఇన్నేళ్లుగా ముక్క కనబడితే ఫార్మలిన్‌లో వేసిన చెయ్యి, రెండింటినీ తీసుకెళ్లి ఒకే డబ్బాలో వేసేసింది. స్టూలు మీద కూలబడ్డాను.

దాచను, మొదట వచ్చింది దొంగ ఆలోచనే. పరిశోధన కాగితంలో "ముక్క చాలలేదు" అని రాస్తే సరిపోతుంది. పసిపిల్ల, చిన్న ముక్కే వచ్చిందంటే ఎవరూ అనుమానించరు. పెన్ను కూడా తీశాను. కానీ పక్కనే రిజిస్టరు తెరిచి ఉంది. రెండు ముక్కలు అని నా దస్తూరీతోనే ఉంది. ఆ రాత కొట్టేయాలంటే, ఆదిలాబాద్ ముసలాయన చూపించిన రోజు నుంచి ఎన్నడూ చేయని పని చేయాలి. నా చేతికి ఉన్న ఒక అలవాటు తప్పు చేసింది, ఇంకో అలవాటు అబద్ధం ఆడనివ్వలేదు. రిజిస్టరు చంకలో పెట్టుకుని డాక్టరమ్మ గదికి పోయాను.

ఆమె చదివింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "రోగ నిర్ధారణకు ఇబ్బంది లేదు, అది ఫార్మలిన్‌లోనే ఉండాలి. హైదరాబాద్ అమ్మాయికి నేను చెబుతాను. ఆ తండ్రికి మాత్రం మీరే చెప్పాలి," అంది. ఆమె అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

పిల్లల వార్డు వరండాలో అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.

"మరిచిపోయినవా సార్?" అన్నాడు.

"మరువలే. చెయ్యి అలవాటు. చెయ్యి ముందుగాల పోయింది, మతి ఎనుక వచ్చింది."

అతను తన వేళ్లు చూసుకున్నాడు. "సాంచ మీద గూడ గట్లనే అయితది. తెగిన పోగును సూస్తనే ఉంటం, చెయ్యి ఇంకో పోగును ముడేస్తది," అన్నాడు. నాకు కొంచెం ఊపిరాడింది. కానీ వెంటనే అతని గొంతు మారింది. "గని బట్టయితే ఇంకో బారెడు నేస్తం సార్. మా బిడ్డ ముచ్చట గూడ ఆ పోరని ముచ్చట లెక్కనే పాయె కద."

"తప్పైంది" అన్నాను. వయసులో నాకన్నా చిన్నవాడి ముందు, ఆసుపత్రి వరండాలో, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. సిగ్గనిపించలేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ నన్ను పిలిచి ఫోను చేతికిచ్చింది. అవతల పరిశోధకురాలు. తిట్లకు సిద్ధపడ్డాను.

"సార్, పొడుగు ఆర్‌ఎన్‌ఏలు ఫార్మలిన్‌లో తునకలైపోతాయి. అవి నాకు పోయినట్టే," అంది. "కానీ పొట్టివి ఉన్నాయి. ఆర్‌ఎన్‌ఏను అక్షరాల వరస అనుకుంటే, ఇరవై రెండు అక్షరాలంత ఉంటాయి. అంత పొట్టిదాన్లో విరగడానికి ఏముంటుంది? మైనం దిమ్మలోంచి కూడా వాటిని తీయొచ్చు. కాకపోతే ముక్క ఫార్మలిన్‌లో ఎంతసేపు నానిందో తెలియాలి. ఎక్కువ రోజులు పడి ఉంటే నమ్మలేం. ఆ సమయం ఎక్కడా రాసిపెట్టరు, అందుకే పాత దిమ్మల జోలికి నేను పోలేదు."

"రాసిన. పదకొండు ఇరవై. రేపు గదే టైముకు తీస్త," అన్నాను.

"ఇదొక్కదానికే రాశారా?"

"అన్నిటికి రాసిన బిడ్డా. గీ దవాఖానల చేరిన నాటి సంది."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడైంది. "రేపే బయల్దేరుతున్నాను సార్," అంది.

వచ్చి మా గది వెనక, ఇనుప అరల ముందు నిలబడింది. రేకు ట్రేలలో వరసగా మైనం దిమ్మలు, ఒక్కోటి అగ్గిపెట్టెలో సగం, అంచున నంబరు. ఆ నంబరు పట్టుకుని రిజిస్టరు తెరిస్తే వేసిన గంట, తీసిన గంట. పిల్లల గడ్డలు ఏవేవో నేను వెతికి తీసి ఇస్తుంటే, ఆమె ఒక్కోటీ చూసి పక్కన పెట్టుకుంటోంది. గదిలో అందరూ పని ఆపి చూస్తున్నారు. "గడియారం సారు" అని ఆ రోజు ఎవరూ అనలేదు. నిజం చెప్పొద్దూ, అనలేదని కొంచెం వెలితిగా కూడా అనిపించింది.

ఆ దిమ్మల్లో ఒకటి సిరిసిల్ల బాబుది. పాప తండ్రి చెప్పిన షెడ్డు ఆయన కొడుకు. పాత దిమ్మలు వాడాలంటే ఆసుపత్రి కమిటీ అనుమతి కావాలి, దొరికిన కుటుంబాలను అడగాలి కూడా. బాబు తండ్రి అప్పటికి దుబాయి పోయాడు. పాప తండ్రే తన ఫోనులో కలిపి, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నామని చెప్పి నా చేతికిచ్చాడు. నేను బాబు నంబరు దిమ్మ దొరికిందన్నాను, పరిశోధన గురించి మొదలుపెట్టాను. అతను మధ్యలోనే ఆపాడు.

"సార్, మావోని ముక్క ఇంకా ఉన్నదా?"

"ఉన్నది. మంచిగున్నది."

అవతల ఏవో యంత్రాల చప్పుడు దూరమైంది, పక్కకు నడిచినట్టున్నాడు. చివరికి, "వాడుకోండ్రి సార్. గని మొత్తం వాడకుండ్రి. జరంత ఉంచుండ్రి," అన్నాడు. పరిశోధకురాలు పక్కనే వింటోంది. వెంటనే తలూపింది. పలచటి పొరలు కొన్ని కోసుకుంటే ఆమెకు చాలు, దిమ్మ మిగులుతుంది.

పాప హైదరాబాద్‌లో చాలా నెలలు ఉంది. జుట్టు పోయింది, అన్నం సయించేది కాదు, ఒకసారి జ్వరం వచ్చి అందరినీ పరేషాన్ చేసింది. తండ్రి అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. నేను ఫోను మోగితే ముందు పేరు చూసి, గుండె చిక్కబట్టుకుని ఎత్తేవాణ్ణి. ఒకరోజు, "సార్, గడ్డ తీసేసిండ్రు. ఇగ మంచిగున్నది అంటుండ్రు. వేములవాడ పోయి కోడెను కట్టినం," అన్నాడు. ఆ రోజు మా గదిలో అందరికీ నేనే చాయ్ తెప్పించాను.

పరిశోధకురాలు ఒకసారి వచ్చి కంప్యూటరులో రంగుల గడులు చూపించింది. పెరుగుదలను ఆపే పొట్టి ఆర్‌ఎన్‌ఏలు పాప ముక్కలో వెలుగుతున్నాయి. బాబు ముక్కలో అవే గడులు చీకటిగా ఉన్నాయి. "ఇద్దరితో ఏదీ తేలదు సార్. ఇంకా చాలామంది పిల్లలవి చూడాలి. మీ అరల్లోవీ, ఇంకెక్కడివో," అంది. అయినా ఆమె ముఖంలో ఆశ ఉంది, నాకూ ఉంది. ఏదో ఒక రోజు, ఒక పిల్లకు గట్టి మందులు ఎన్ని కావాలో, అసలు కావాలో వద్దో, ఈ గడులు చూసి చెబుతారు. అప్పటికి నేనుండకపోవచ్చు, దిమ్మలుంటాయి.

నా రిటైర్మెంటుకు నెల రోజుల ముందు ముగ్గురు మా గది గుమ్మం ముందు నిలబడ్డారు. పాప, నెత్తి నిండా ఒత్తైన జుట్టుతో, స్కూలు డ్రెస్సులో. పాప తండ్రి. ఇంకొకాయన, ఎండకు నల్లబడ్డ మనిషి, ఎవరో పోల్చుకోలేకపోయాను. గొంతు విన్నాక తెలిసింది. బాబు తండ్రి, దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు.

"ఒక్కసారి సూస్త సార్," అన్నాడు. ఏది అని నేను అడగలేదు.

అర తెరిచి, ట్రే లాగి, దిమ్మ తీశాను. అతను చేతులు ముందుకు చాచి మళ్లీ వెనక్కి లాక్కున్నాడు. "ఉత్త చేతులతోని ముట్టద్దంట కద సార్?" పాప తండ్రి అన్నీ చెప్పాడన్నమాట.

"మైనంల ఉన్నది. ఏం కాదు, పట్టుకో," అన్నాను.

అరచేతిలో పెట్టాను. అతను రెండో చెయ్యి కింద ఆనించాడు. పాప మునివేళ్ల మీద లేచి తొంగి చూసి, "గిది నాదా?" అంది. "కాదు బిడ్డా, అన్నయ్యది," అన్నాడు వాళ్ల నాన్న. బాబు తండ్రి నన్ను రిజిస్టరు చూపించమన్నాడు. తీసి చదివాను. వేసిన గంట, తీసిన గంట.

"గా టైముకు నేను బయట బల్ల మీద కూసున్న సార్. లోపట ఏం చేస్తున్నరో అని," అన్నాడు. "గప్పుడు మీరు రాస్తున్నరన్నట్టు."

కాసేపయ్యాక దిమ్మను నా చేతికి ఇవ్వకుండా, తనే వంగి, ట్రేలో దాని చోట దాన్ని పెట్టాడు. నేను అర మూసి రిజిస్టరు తీసుకున్నాను. బయటికి తీసిన సమయం రాశాను. లోపల పెట్టిన సమయం రాశాను. ఎవరి కోసం, ఎందుకు అనే గడి మిగిలింది. అన్నేళ్లలో అక్కడ "డాక్టరు, మరో పరీక్ష" అనో, "హైదరాబాద్, పరిశోధన" అనో రాసేవాణ్ణి.

ఆ రోజు "తండ్రి, చూసుకోవడానికి" అని రాశాను.